గబ్బిలం కూరకి దక్కిన పేరు

గబ్బిలం కూర ఉడికిన వాసన ఇప్పటికీ నా ముక్కుని వదల్లేదు. ఛీ!

రెండువేల దశకం చివర్లో మాట. అల్లవరం దగ్గర మా అత్తారింట్లో ఉండేవాళ్లం. నాకు ఉబ్బసం ముదిరి, నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. మాత్రలూ ఇన్‌హేలర్లూ చాలడం లేదని హైదరాబాదు డాక్టరుగారు నెలకోసారి వేసే కొత్త ఇంజెక్షను రాశారు. మోనోక్లోనల్ యాంటీబాడీ అట. దుమ్ము తగలగానే ఒంట్లో రెచ్చిపోయేదేదో ఉంటుందట, దాన్ని ముందే పట్టి అణిచేస్తుందట. "వెంటనే తెలీదమ్మా, మూణ్ణాలుగు నెలలు ఓపిక పట్టాలి. ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు" అన్నారు.

మావాళ్లకి ఓపికా! వాళ్ల లెక్కలో ఇంజెక్షనంటే పొద్దున్న పొడిస్తే సాయంత్రానికి లేచి కూర్చోవాలి. రెండో నెలకే మా చినమావయ్యగారు, అంటే మా మావగారి తమ్ముడు, పెదవి విరిచేశారు. ఉబ్బసానికి గబ్బిలం కూరే మందని, తోటలో వల కట్టించి గబ్బిలాన్ని పట్టించారు. మిరియాలు దట్టించి వండించి, గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. ఒక్క ముద్ద గొంతు దిగిందో లేదో, పెరట్లోకి పరిగెత్తి పేగులు బయటికొచ్చేలా కక్కాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఇంజెక్షను పనిచేయడం మొదలుపెట్టింది. ఏళ్ల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. పొద్దున్నే లేచి సంతోషంతో ఏడ్చాను. పేరు మాత్రం కూరకి పోయింది. "మా కోడలికి నేనే కుదిర్చేనండి" అని చినమావయ్యగారు ఊరంతా టముకు వేశారు.

"నేను కక్కేశాను కదండీ!" అన్నాను.

"ఆయ్, కక్కినా సారం ఒంటికి పట్టేసిందమ్మా" అన్నారు.

విని ఊరుకునేదాన్నే. కానీ ఓ ఆదివారం మా పక్కింటి టీచరుగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఆవిడదీ నా జబ్బే. ఒళ్లో కూర గిన్నె. ఆ కూర పట్టాలంటే ఇన్‌హేలర్ మానాలని చినమావయ్యగారు పథ్యం పెట్టారట, ఆవిడ మానేశారట! పిల్లలకి సైన్సు చెప్పే మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది.

"ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఏంటండీ? నాకు తగ్గింది ఇంజెక్షనుతో! ఈ కంపుతో కాదు!" అని అరిచి, సంచిలోంచి నా ఇన్‌హేలర్ తీసి చూపించాను. "ఇదిగో, నేనే ఇంకా మానలేదు."

ఆవిడ దానివైపు చూశారు. తర్వాత నావైపు చూశారు, ఎంతో జాలిగా. ఊపిరందక మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు.

"అయ్యో... అయితే మీకు పూర్తిగా తగ్గలేదన్నమాట. కక్కేసేరు కదా, పాపం" అని గిన్నె నావైపు జరిపారు. "సగం మీరు తీసుకోండి."