గంపలో నల్ల నూకలు

అరవైల మొదట్లో, ట్రైనింగు ముగించుకుని నెల్లూరు నుంచి కోట అనే ఊరి అవతల సముద్రపు ఒడ్డు పల్లెకు బాలబడి పంతులమ్మగా వెళ్లేనాటికి నాకు ఇరవయ్యేళ్లు. కోపం మాత్రం నలభయ్యేళ్ల మనిషికి సరిపడా ఉండేది. ఆ కోపంలో చేసిన తప్పుల్లో ఒకటి ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది.

బడి అంటే చర్చి పక్కన తాటాకుల పాక. ఉప్పు కయ్యల్లో, పొలాల్లో కూలికి పోయేవాళ్ల పిల్లలు ఇరవై మంది దాకా వచ్చేవాళ్లు. అందరూ అయిదేళ్లలోపు వాళ్లే. పాటలు నేర్పడం, ఇసుకలో అక్షరాలు దిద్దించడం నా పని. కానీ వాళ్లు వచ్చేది మధ్యాహ్నం అన్నం కోసమని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఆ అన్నం మా చర్చి సంఘంలోని ఆడవాళ్ల చలవ. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతలు గుడికి, అంటే ఆ చర్చికే తెచ్చి, వాకిట్లో పెట్టిన గంపలో కుమ్మరించేవాళ్లు. వాళ్లూ కలిగినవాళ్లేమీ కాదు.

ఇన్ని ఇళ్ల బియ్యం ఒకే కుండలో ఉడికితే ఎలా ఉంటుందో తిన్నవాళ్లకే తెలుసు. సన్నవి మెత్తబడి ముద్దయ్యేవి, దొడ్డువి పలుకుగా మిగిలేవి. వంట చేసే ఆయమ్మ గరిటె పట్టుకుని సంఘం మొత్తాన్ని పేరుపేరునా తిట్టేది.

ఒకసారి కోతలయ్యాక గంపలో నల్లటి నూకలు కనిపించసాగాయి. ఎన్ని నీళ్లు మార్చి కడిగినా మట్టి వాసన పోలేదు.

"ఎవురో కోళ్లకేసే బియ్యం తెచ్చి పోస్తా ఉండారమ్మా," అంది ఆయమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యీ అవగానే లేచి నిలబడ్డాను. "మీ పిల్లలకు పెట్టని బియ్యం ఈ పిల్లలకు తెస్తారా? అట్లాంటివి ఇచ్చేకంటే ఇవ్వకుండా ఉండటమే మేలు," అన్నాను. పాస్టరుగారి భార్య తల వంచుకున్నారు. బాగా బుద్ధి చెప్పాననుకుని ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

మర్నాటి నుంచి ఒక పిల్ల బడికి రావడం మానేసింది. యానాదుల పిల్ల, నాలుగేళ్లది. పాట పాడమంటే మూతి బిగించేది. అన్నం పెడితే మాత్రం వంచిన తల ఎత్తకుండా తినేది. జ్వరమేమో అనుకున్నాను. తరువాతి ఆదివారం గంపలో ఒక్క నల్ల గింజ లేదు. నా గొప్పకు నేనే మురిసిపోయాను. సోమవారం కూడా పిల్ల రాకపోయేసరికి వాళ్ల గుడిసెకు వెళ్లాను.

గుడిసె ముందు కూర్చుని పిల్ల చట్టిలో గంజి తాగుతోంది. గంజిలో అవే నల్లటి నూకలు.

వాళ్లమ్మ లేచి నిలబడింది. ఆదివారాలు గుడి బయట అరుగు మీద కూర్చుని పాటలు విని పోయే మనిషే. ఆ రోజు నా మాటలూ విన్నది.

"కోతలైనాక ఎలకబొక్కలు తవ్వి తీసిన వడ్లమ్మా. దంచితే అట్టనే వస్తాయి, మాకుండేటివి అయ్యే," అంది. "అందురి ఇళ్ల నుంచీ పిడికెడు వస్తా ఉంటే మా పిల్ల ఉత్తినే తినేది ఎట్టా అని నేనూ తెచ్చి పోసినా. మీరు వొద్దన్నారు."

"మరి పిల్లనెందుకు మాన్పించావు?" అన్నాను.

"మా బియ్యం పనికిరానప్పుడు మా పిల్ల యాడ పనికొస్తాదమ్మా?"

కోపంగా అనలేదు. అందుకే మరీ తగిలింది. సిగ్గుతో చితికిపోయాను. బియ్యం అక్కర్లేదు, పిల్లను పంపితే చాలు అని నోటిదాకా వచ్చింది. అలా అంటే ఆమెను మళ్లీ వద్దన్నట్టే అవుతుందని ఆ క్షణాన ఎలా తోచిందో, దేవుడికే తెలియాలి. కొంగు పట్టి ఆమె ముందు నిలబడ్డాను.

"తప్పయిపోయిందక్కా. నీ పిడికెడు నాకు పెట్టు," అన్నాను.

ఆమె లోపలికి పోయి, బియ్యం చేటలో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, తెచ్చి నా కొంగులో పోసింది. పిల్ల చట్టి కింద పెట్టి నాకంటే ముందే బడి దారి పట్టింది.

ఆయమ్మ ఆ బియ్యాన్ని చూసి, నా ముఖం చూసి, కుండలో వేసింది. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి నా తప్పు ఒప్పుకోవాలని అప్పుడే అనుకున్నాను, ఒప్పుకున్నాను కూడా. కానీ నా శిక్ష అంతదాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నం అన్నమంతా మట్టి వాసనే. ఎన్నడూ నోరు విప్పని ఆ పిల్ల, పక్కపిల్ల ఆకులోకి వేలు చూపించి పాకంతా వినబడేలా చెప్పింది.

"దీంట్లో మాయి గూడా ఉండాయి."