వాయిదా పడిన కూటం

మొన్న సాయంత్రం రేడియోలో సంతాప సూచకంగా సన్నాయి మోగింది. ఎక్కడో పెద్ద రైలు ప్రమాదం జరిగిందనీ, పార్లమెంటు సంతాపం తెలిపి ఆ రోజుకు వాయిదా పడిందనీ అంతకుముందే వార్తల్లో చెప్పారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ సన్నాయి ఆగేవరకు కుర్చీలోంచి లేవలేకపోయాను. నలభై ఏళ్ల కిందట అరకు కొండల్లో నా మాట వల్ల ఆగిపోయిన ఒక కూటమూ, దాన్ని ఆపవద్దన్న సోమన్న తాతా గుర్తుకొచ్చారు.

నా ఇరవై రెండో ఏట ఆ కొండల్లోని బడికి పంతులుగా వెళ్లాను. మైదానం నుంచి వచ్చినవాణ్ణి. వాళ్ల కొండభాష రాదు. నాతో మాట్లాడే తీరిక కూడా ఎవరికీ ఉండేది కాదు. పొద్దువాలగానే మంచు దిగి ఎదుటి ఇల్లు కూడా కనబడకుండా పోయేది. సోమన్న తాత ఒక్కడే సామల అంబలి పట్టుకుని వచ్చి బడి అరుగు మీద కూర్చునేవాడు. "ఒంటిగుంటే మాట తుప్పడతాది బాబూ," అంటూ వాళ్ల మాటలు ఒక్కొక్కటే నాకు నేర్పేవాడు. తొమ్మిదూళ్ల పెద్దలు నెలకొకసారి కూర్చునే కూటానికి ఆయనే పెద్ద. గట్టు తగాదాలు, పెళ్లి మాటలు, ఏ వాలున ఎవరు పోడు కొట్టాలన్నది, అన్నీ అక్కడే తేలేవి.

ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఒకనాటి ఉదయం వాళ్లు గెడ్డ అనే కొండవాగుకు అవతలి పల్లె మీద కొండచరియ విరిగిపడింది. పదకొండుమంది పోయారు. శవాలను తవ్వితీసి సాగనంపిన మర్నాడే కూటం; తాత వెంట నేనూ వెళ్లాను. వచ్చినవాళ్లెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఇయ్యాల తగువులు సూడ్డమేటి? మైల తీరేదాకా ఇళ్లకి పోదాం," అన్నాడు ఒక పెద్ద.

తాత తలూపాడు. "తగువులొద్దు. ఒక్కటి మాత్రం ఇప్పుడే తేల్చాల. ఆ పల్లెలో ఏడిళ్లు ఇంకా నిలబడున్నాయి. వాన ఆగలేదు. ఆ మనుసుల్ని ఎక్కడికి తెద్దాం? ఎవరు నేలిస్తారు?"

నేల మాట వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. తర్వాత, చదువుకున్నవాణ్ణని కాబోలు, నావైపు చూశారు. నేను లేచి, పట్నాల్లో పెద్దలు పోతే సభలు ఆపేస్తారనీ, పోయినవారికి అది మర్యాదనీ, పన్నెండు రోజులయ్యాక కూర్చుంటే మంచిదనీ అన్నాను. ఆ మాట వాళ్లకు ఊరటనిచ్చింది. వానకు ఆకుల గిడుగులు నెత్తిన పెట్టుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

తాత మాత్రం కూర్చున్న రాయి మీంచి లేవలేదు. "సచ్చినోళ్లకి మర్యాద సేసినావు. బతికున్నోళ్లకేటి సేత్తావు బాబూ?" అని నెమ్మదిగా అడిగాడు. నేను బడికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే ఆయన తాడు భుజాన వేసుకుని ఒంటరిగా గెడ్డ దాటడం బడి గుమ్మంలోంచి చూశాను. తోడు వస్తానని అనలేదు. మూడు రోజులు తిరిగి, బతిమాలి, ఆ ఏడిళ్లవాళ్లనూ తన సామ చేనులోకి తీసుకొచ్చాడు. చేను నరికి, రాటలు పాతి పందిళ్లు వేయించాడు. నాలుగో రోజు మిగిలిన కొండ కూడా దిగజారి ఏడిళ్లూ మట్టిలో కలిసిపోయాయి. వాటిలో ఒకదానితో పాటు ఒక ముసలాయనా పోయాడు. కాళ్లు లేవనివాడు. మిగిలినవాళ్ల చేతులు పిల్లలతో నిండిపోయాయి; పారుతున్న గెడ్డలో అతణ్ణి మోసుకుని దాటడం తాత ఒక్కడి వల్ల కాలేదు.

తాత మైలలో నేల తవ్వాడు గనకే కొండకు కోపమొచ్చిందన్నారు పెద్దలు. కూటానికి తాతను పిలవడం మానేశారు. ఆయన ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లు కూడా తగ్గిపోయారు. చాలా రోజులకు ధైర్యం చేసి వెళ్లాను.

"నేను రావలసింది తాతా," అన్నాను.

"నువ్వొచ్చుంటే ఇద్దరం మోసేవోళ్లం," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పాడంతే. అంబలి పోసి నా ముందు పెట్టాడు. బదిలీ అయ్యేవరకు రోజూ వెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను.

తర్వాత ఎన్నో సభల్లో కూర్చున్నాను. ఎవరైనా పోయారని అందరూ లేచి నిలబడితే నేనూ నిలబడతాను. దుఃఖానికి కాసేపు పని ఆగవలసిందే. కానీ తలుపులు మూసేముందు, రేపటిదాకా ఆగలేని పని ఏదైనా ఉందా అని అడుగుతాను. రాతిగుండె అన్నవాళ్లున్నారు.

ఆ ముసలాయన పేరేమిటో నాకు తెలియదు. తాతను అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు చెప్పడానికి తాత లేడు.