నీలం పట్టీలో నాలుగు బోర్లు

2023 వేసవి. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో మా ఆఫీసు. కింద మైకులో ఫిజిక్స్ పాఠం నడుస్తుంటే, పైన మేము భూగర్భజలాల మీద పోస్టర్లు తయారు చేస్తుండేవాళ్లం. నేల, నీరు, అడవి కాపాడుకోవడం మీద పనిచేసే చిన్న సంస్థ మాది. అందులో నాది సైన్స్ కమ్యూనికేషన్, అంటే శాస్త్రవేత్తలు కొలిచి రాసిన సంగతిని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పే పని. ఏటా వేసవిలో మూడు నెలల కోసం ఇంటర్న్‌లు వస్తారు. వాళ్లకి ఈ పని నేర్పడం ఎన్నో ఏళ్లుగా నా బాధ్యత.

నాకొక జబ్బుంది. నీటిబొట్టుకి కళ్లూ ముక్కూ పెట్టి ఏడిపించే పోస్టర్ చూస్తే ఒళ్లు మండుతుంది. "నీటిని పొదుపు చేద్దాం" అని రాసుకొచ్చిన వాళ్లని "ఎక్కడి నీళ్లు? ఎవరి నీళ్లు?" అని అడిగి వెనక్కి పంపేస్తాను. ఇంటర్న్‌లు నన్ను చాటుగా ఏమనుకుంటారో నాకు తెలుసు. అది ఇక్కడ రాయను.

ఆ ఏడాది వచ్చిన షబానాతో మాత్రం ఆ తగువు రాలేదు. వన్‌టౌన్ అమ్మాయి, జియాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. తండ్రి సైన్‌బోర్డులు రాసే పెయింటర్. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే దూరానికి ఆనుతుందో ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆనందపురం అవతల ఒక ఊళ్లో వాటర్ టేబుల్ పని అప్పగించాను. వాటర్ టేబుల్ అంటే భూమిలో నీళ్లు తగిలే మట్టం. నూతిలోకి టేపు దించి, ఎంత లోతున తడి తగిలిందో రాసుకోవాలి. షబానా నెలరోజులు ఎండలో తిరిగి ఊరి నూతులూ బోర్లూ కొలిచి మేప్ గీసింది. నీళ్లు అడుగంటిన చోట ఎరుపు, తగ్గుతున్న చోట పసుపు, చేతికందే లోతులో ఉన్న చోట నీలం. ఊరంతా ఎరుపూ పసుపూ. గెడ్డ అని పిలిచే వాగు వెంబడి మాత్రం సన్నటి నీలం పట్టీ.

ఆ పట్టీలో అప్పలనర్సమ్మగారి నుయ్యి ఉంది. అరవై దాటిన ఒంటరి మనిషి. ఎకరం కూడా లేని పొలం చెక్కలో కనకాంబరాలు వేసుకుని, ఆ పూల మీదే బతుకుతున్నారు. కొలతలకి వెళ్లినప్పుడల్లా షబానాకి మజ్జిగ ఇచ్చేవారు.

"మా అత్త ఏలినప్పట్నుంచీ ఈ నుయ్యి ఎండనేదు పిల్లా. నువ్వు కొలిసినా కొలవకపోయినా ఇంతే" అనేవారు.

బయట పెట్టేముందు ప్రతి పోస్టర్‌కీ పైలట్ టెస్ట్ చేస్తాం. అంటే కొందరికి చూపించి, "మీకేం అర్థమైంది?" అని అడగడం. ఈ మేప్ చూపిస్తే చదువు రానివాళ్లు కూడా వేలు పెట్టి తమ పొలం ఎక్కడుందో, అక్కడ నీళ్లెంత ఉన్నాయో టకటకా చెప్పేశారు. నా సర్వీసులో అంత తేలిగ్గా ఎక్కిన పోస్టర్ ఇంకోటి లేదు. వెంటనే ఒప్పేసుకున్నాను. పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకటి, పాల కేంద్రం దగ్గర ఒకటి ఫ్లెక్సీలు కట్టించాం. ఎరుపు చూసి ఊరు జాగ్రత్త పడుతుందని మా లెక్క.

ఊరు నీలం చూసింది.

రెండు వారాలకి అప్పలనర్సమ్మగారి ఫోను. "మేడంగారూ, బోరు లారీలొచ్చేసినాయి. గెడ్డ పక్కనంతా దించేత్తన్నారు. ఇదేటి, మీకు తెలిసే జరుగుతన్నాదా?"

షబానా, నేను మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అప్పటికే మూడు బోర్లు పడ్డాయి, నాలుగోది నడుస్తోంది. ఎరుపులో పొలాలున్న రైతులు గెడ్డ పక్కన తమకున్న సెంటో రెండు సెంట్లో చోట బోరు దింపి, పైపులతో నీళ్లు లాక్కుంటున్నారు. నాలుగో బోరు దగ్గర నిలబడ్డాయన పేరు సూర్యనారాయణ. ఇక్కడ దింపమని ఎవరు చెప్పారని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అందులో మా మేప్ ఫొటో.

"మీరే సెప్పినారు కదేటి. ఇదివరకు అరసేతిలో కొబ్బరికాయ ఎట్టుకుని నీల్లు సూసేవోడిని తిప్పేవోల్లం. ఒకపాలి పడేవి, ఒకపాలి పడేవి కావు. మీ మేపు ఒక్కటీ తప్పనేదు మేడం."

జీవితంలో నా పనికి దొరికిన అతి పెద్ద మెప్పు అదే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పక్క నుయ్యి ఏమవుతుందో ఆలోచించారా?" అన్నాను.

"నా బెండతోట మాడిపోతన్నాది. ఎర్రగా ఉన్నోడిని ఎర్రగానే ఉండిపొమ్మంటారేటి?" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, అవసరంలో ఉన్న రైతు.

మూడో వారానికి అప్పలనర్సమ్మగారి నూతిలో షబానా టేపు దించితే బురద తగిలింది. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

"రేపట్నుంచి రాను మేడమ్. ఆ ముసలామె నూతిని నేనే ఎండగట్టాను. నాకు సర్టిఫికెట్ వద్దు."

"మేప్ నువ్వు గీశావు, బయట పెట్టింది నేను. తిట్లు తినే వంతు ముందు నాది" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఊరు మళ్లీ వెళ్లాలంటే కాళ్లు రాలేదు.

అయినా ఆ ఆదివారం వెళ్లాం. అప్పలనర్సమ్మగారు వాడిన కనకాంబరం మొక్కల మధ్య కూర్చుని ఉన్నారు. షబానా తప్పయిపోయిందని కాళ్ల దగ్గర కూర్చుంటే తల నిమిరారు.

"నీ బొమ్మ బాగోనేదని ఎవులన్నారు తల్లీ? బాగున్నాది. అందుకే ఇన్ని బోర్లు."

తిట్టినా బాగుండేది.

ఫ్లెక్సీలు పీకించేశాను గానీ, మేప్ అప్పటికే ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది. ఇంకో పోస్టర్ వేద్దామని నేనంటే షబానా ఒప్పుకోలేదు. మర్నాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తాడు కట్టుకుని దిగి, నూతి లోపలి రాళ్ల మీద అడుగు అడుగుకీ తెల్ల గీత వేసి అంకెలు రాశారు. గేజ్ అంటాం మేము, నీటిమట్టాన్ని కంటితోనే చదువుకునే గుర్తులు. తర్వాత షబానా నాలుగు బోర్ల వాళ్ల ఇళ్లకీ వెళ్లి, ఒక్క రాత్రి మోటార్లు ఆపమని బతిమాలింది. ఆపారు. తెల్లారేసరికి నూతిలో కొంచెం నీరు ఊరింది. అప్పుడు నాలుగు మోటార్లూ ఒకేసారి వేయించి, వాళ్లని నూతి గట్టు మీద నిలబెట్టింది. మధ్యాహ్నంలోగా నీరు గీత తర్వాత గీత దిగిపోయింది.

సూర్యనారాయణ లోపలికి వంగి, దిగిన గీతలు లెక్కపెట్టాడు. "నాదొక్కటే ఆడితే ఎంత దిగుతాది?" అని ఆయనే అడిగాడు. ఆ మర్నాడు అదీ చూశారు. సూర్యనారాయణతో సహా ముగ్గురు మోటార్లకి వంతులు వేసుకున్నారు. మిగిలిన ఒకాయన నా బోరు నా ఇష్టం అన్నాడు, చివరిదాకా అలాగే అన్నాడు.

కనకాంబరం తోట మాత్రం దక్కలేదు. అప్పలనర్సమ్మగారు ఎండిన మొక్కలన్నీ తన చేత్తోనే పీకేసి, వానలు పడేదాకా పక్క ఊళ్లో పూలు కోసే కూలికి వెళ్లారు. వానలకి నుయ్యి ఊరింది గానీ పాత మట్టానికి రాలేదు.

మా పైలట్ టెస్ట్ కాగితంలో ఇప్పుడు "మీకేం అర్థమైంది?" తర్వాత ఇంకో ప్రశ్న ఉంది: "ఇది చూశాక రేపు పొద్దున్న మీరేం చేస్తారు?" అర్థమవడంతో మా పని అయిపోతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. అర్థమైన మనిషి తన అవసరం కొద్దీ నడుస్తాడు. ఆ నడక ఎటో ముందే అడగాల్సింది మేము, అడగలేదు.

ఇంటర్న్‌షిప్ చివర ఒక రిపోర్టు ఇవ్వాలి. అందులో "ఫలితం" అనే గడి ఉంటుంది. అక్కడ అందరూ పేజీలు నింపుతారు. షబానా రెండే వాక్యాలు రాసింది. రెండోది తీసేయమందామా అని మా డైరెక్టరు అడిగితే, అదే అసలు రిపోర్టు అన్నాను. ఏటా కొత్త ఇంటర్న్‌లు వచ్చిన మొదటిరోజు ఆ కాగితం చదివి వినిపిస్తాను.

"మేప్ అందరికీ అర్థమైంది. అప్పలనర్సమ్మగారి నుయ్యి ఎండిపోయింది."