రథసప్తమి దాకా పథ్యం

రెండు నెలల కిందట విశాఖలో మా చెల్లెలికి కాలేయంలో ఒక ముక్క కోసి తీశారు. అంతకు ముందెప్పుడో పెద్దపేగులో వచ్చిన కాన్సరు అక్కడికి పాకింది. ఆపరేషనైన ఆరో రోజున, ఆసుపత్రిలో రోగుల తిండి సంగతి చూసే అమ్మాయి మంచం పక్కకి వచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టింది. గుడ్లు, చేప, పప్పు, పెరుగు అని వరసగా రాసి ఉంది, వారానికోసారి బరువు చూడాలని కింద గీత గీసి ఉంది. ఒంట్లో కండ కరిగిపోతే కోత నుంచి తేరుకోవడం కష్టమనీ, ఆకలి లేదన్నా ఊరుకోవద్దనీ ఆ పిల్ల మెల్లగా చెప్పింది. నేను తలూపి, కాగితం మడిచి, వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇలాంటి కాగితమే ఒకప్పుడు, నాకు ఇరవై ఏళ్లప్పుడు, నా చేతిలో ఉండేది.

అవి అరవైల చివరి రోజులు. అమ్మా నాన్నా పోయాక మా ముగ్గురినీ మేనత్త పెంచింది. చెల్లెలు చిన్నపిల్ల, నేను అప్పుడప్పుడే బడిలో టీచరుగా చేరాను, అన్నయ్య ఆమదాలవలసలో ఒక ధాన్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. బళ్ల మీద వచ్చిన బస్తాలు తూచి లోపలికి పంపడం అతని పని. కాటా ఖాళీగా ఉన్నప్పుడు తనే ఎక్కి నిలబడి, నిండు బస్తాకి సరితూగానని కూలీలకి చూపించి నవ్వించే మనిషి.

ముప్పై రెండో ఏట అతనికి కడుపునొప్పి మొదలైంది, నెత్తురు పడింది, నాటు మందులతో ఆరు నెలలు గడిచిపోయాయి. చివరికి రైలెక్కించి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పేగులో గడ్డ ఉందనీ, కోసి చూస్తే కార్జం అంచున కూడా ఉసిరికాయంత గడ్డ కనిపిస్తే దాన్నీ తీసేశామనీ డాక్టరుగారు చెప్పారు. ఆ రోజుల్లో అటువంటి కోత తర్వాత బతకడమే గొప్ప. పోతాడనుకున్న మనిషి శ్రావణమాసంలో రైలు దిగి, వదిన భుజం పట్టుకుని, తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చాడు. మేం అతన్ని అప్పుడు గెలుచుకున్నాం. తర్వాత పోగొట్టుకున్నది మేమే.

డాక్టరుగారు ఇంగ్లీషులో ఒక చీటీ రాసి ఇచ్చారు. పాలు, పప్పు, గుడ్లు, చేప, ఎంత తింటే అంత. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. పైకి చదివాను. మేనత్త సాంతం వింది.

"కొయ్యడం తెలుసు గానీ ఆ డాక్టరికి పథ్యమేటి తెలుసు? కోసిన ఒళ్లది. పప్పెడితే సీము పడతాది. సేప మాటెత్తితే నానూరుకోను."

మీలో చాలామందికి ఆ పథ్యం గుర్తుండే ఉంటుంది. పాత బియ్యం గంజి, మిరియాల చారు, నాలుగు బీరకాయ ముక్కలు. పుండు చీము పడుతుందని పప్పు వద్దు, వాతమని పాలు వద్దు, వేడని గుడ్డు వద్దు. మేనత్త చెడ్డది కాదు. అన్నయ్యకి పెట్టనిది తనూ తినేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రేమ మీదే నాకు ఎక్కువ కోపం. చెడ్డదైతే ఎదిరించి ఉందును. నేను చీటీ మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను.

నెల దాటాక అన్నయ్య మిల్లుకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. వారానికోసారి కాటా ఎక్కి, తన బరువు బొగ్గుతో స్తంభం మీద రాసేవాడు. బడి నుంచి వస్తూ నేను చూసేదాన్ని. యాభై ఎనిమిది. యాభై అయిదు. యాభై రెండు. దవడలు లోపలికి పోయాయి, తొడలు చేతుల్లా అయ్యాయి, లుంగీ నిలవక నడుముకి తాడు కట్టుకునేవాడు. జబ్బు తినేస్తోందని ఊరంతా అనుకుంది.

"సూడవే," అన్నాడొక రోజు స్తంభం చూపించి. "నిండు బస్తా అరబస్తా అయిపోనాది. ఇంకొన్నాళ్లాగితే తాలని సెరిగి పారెత్తారు నన్ను."

ఆ తర్వాత అంకె పెరిగింది. యాభై మూడు, మరో వారానికి యాభై నాలుగున్నర. అందరం సంతోషించాం, పథ్యం పనిచేసిందని మేనత్త ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. ఒక మధ్యాహ్నం నేను గంజి పట్టుకుని మిల్లుకి వెళ్లేసరికి అన్నయ్య బస్తాల వెనక కూలీ ఆడవాళ్ల మధ్య కూర్చుని చోడి అంబలీ ఎండుచేపల కూరా తింటున్నాడు. తూర్పారబట్టే ముసలావిడ తన సత్తుగిన్నె అతని ముందుకి తోసి, "తినీయి బాబూ, ఒళ్లుంటేనే గదా ఊపిరి నిలుస్తాది" అంటోంది. నన్ను చూసి అన్నయ్య దొంగలా నవ్వాడు.

"ఇంటికాడ సెప్పకే," అన్నాడు.

చెప్పాను. ఆ సాయంత్రమే చెప్పాను. కుట్టు దగ్గర ఒక చోట చెమ్మగా ఉందని వదిన అంతకు ముందు రోజే భయపడింది, నేను రెండూ కలిపాను. స్తంభం మీద అంకె చూశాను, పుస్తకంలో చీటీ ఉంది, అయినా చెప్పాను. అతన్ని కాపాడుతున్నాననుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం మేనత్త అతన్ని అరసవల్లి తీసుకుపోయి స్వామి ఎదుట నిలబెట్టింది. రథసప్తమి దాకా నీచు ముట్టనని అతని పేరు మీద మొక్కింది, అతని చేత అనిపించింది. స్వామి అడగలేదు, అర్చకులూ అడగలేదు, మా ఇంట్లోంచి పుట్టిన మొక్కు అది. తూకంలో ఏనాడూ మాట రానివ్వని మనిషి అన్నయ్య. ఆ రోజు నుంచి ముసలావిడ గిన్నె తోసినా ముట్టలేదు.

కార్తీకమాసంలో మళ్లీ విశాఖ వెళ్లాం. డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు, చేతికి గడ్డ ఏదీ తగల్లేదన్నారు. కోత శుభ్రంగా మానింది. చెమ్మకి కారణం లోపల మిగిలిన దారపు కొస, దానంతటదే ఊడి వచ్చేసింది. అప్పుడాయన అన్నయ్య చెయ్యి ఎత్తి, వేలాడుతున్న చర్మం పట్టుకుని, ఏం పెడుతున్నారని అడిగారు. మేం చెప్పాం. జబ్బు చంపకపోతే మీరు చంపేలా ఉన్నారని నలుగురిలో అరిచారు. మేనత్త తల దించుకుంది.

ఇంటికొచ్చాక మేనత్త పాలకీ పప్పుకీ ఒప్పుకుంది, మొక్కు ఉంది గనక గుడ్డూ చేపా మాత్రం వద్దంది. అప్పటికి నాలుగు ముద్దలకే కడుపులో తిప్పి వాంతయ్యేది. నేను గుడ్డు ఉడకబెట్టి, ఎవరూ లేనప్పుడు ఒలిచి చేతిలో పెట్టాను. దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టేశాడు.

"వద్దే. నాకేటైనా పరవాలేదు. మొక్కు తప్పితే మీ మీదకొస్తాదంట, అత్త సెప్పింది."

కాళ్ల మీద పడినా తినలేదు. పుష్యమాసపు చలికి దగ్గు పట్టుకుంది, కఫం దగ్గి ఉమ్మేసే బలం లేకపోయింది. రథసప్తమి ఇంకా పదిహేడు రోజులుండగా పోయాడు. స్తంభం మీద చివరి అంకె నలభై ఒకటి. సంక్రాంతికి మిల్లుకి సున్నం వేశారు, అదీ పోయింది.

ఆ జబ్బు ఎప్పటికైనా తిరగబెట్టేదేమో, ఏడాదికో రెండేళ్లకో అతన్ని తీసుకుపోయేదేమో, నాకు తెలియదు. ఆ ఏడాది మాత్రం అతనిది. అది మేం తీసుకున్నాం.

ఇప్పుడు చెల్లెలు నా దగ్గరే ఉంటోంది. ఆసుపత్రి కాగితం గోడకి అంటించాను, అక్షరం తప్పకుండా దాన్ని పాటిస్తున్నాను. బంధువులు ఫోను చేసి పథ్యాలు చెప్పబోతే మధ్యలోనే పెట్టేస్తున్నాను. పిల్లలకి పెద్దల మాటంటే లెక్క లేకుండా పోయిందని, ఆ రోజుల మర్యాద ఇక రాదని మా వయసువాళ్లు నిట్టూరుస్తుంటే వింటూ ఉంటాను. పోయిన వాటిలో నాకూ బెంగ పెట్టేవి ఉన్నాయి, మిల్లులో కొత్త ధాన్యం వాసన, ఆ ముసలావిడ గిన్నె. ఆ మర్యాద మాత్రం పోతే పోయింది. ఇరవై ఏళ్ల నాకు అది ఇంకాస్త తక్కువ ఉంటే బాగుండేది.

మొన్న రథసప్తమికి చెల్లెలు ఆ ఒక్క పూటా గుడ్డు మానేస్తానంది. నేను గట్టిగా అరిచాను.

"నామీదెందుకే అరుస్తావు? నాను తింతన్నాను గదా," అంది నెమ్మదిగా, ఎవరి మీద అరిచానో తెలిసినట్టు.

వాకిట్లో కుర్చీ వేసుకుని, తూర్పుకి తిరిగి ఒక దణ్ణం పెట్టుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. ఎండ మొహం మీద పడుతోంది. రెండో గుడ్డు కూడా అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.