మా మణికంఠ కంచంతో గురజాల అవతలి ఆశ్రమానికి

మా మణికంఠ నరసరావుపేటలో డిగ్రీ చదివేవాడు. ఏటా చలికాలం చివర్లో వాళ్ళ కాలేజీ పిల్లలు గురజాల అవతల ఉన్న ఒక ఆశ్రమానికి సేవకి వెళ్తారు. అక్కడ స్వాములతో పాటు దిక్కులేని ముసలివాళ్ళు ఉంటారు. పోయినేడు మావాడూ వెళ్ళాడు. వచ్చి, "అమ్మా, అక్కడి పప్పు నీ పప్పు కంటే బాగుందే" అని నన్ను ఉడికించాడు. వానాకాలంలో జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే పోయాడు. అప్పట్నించి వాడి పేరు పలికేవాళ్ళు లేరు. మా ఆయన ఇంట్లో నోరు విప్పడు. వీధిలో వాళ్ళు నన్ను చూడగానే మాట మారుస్తారు. నేను ఏడుస్తానని వాళ్ళ భయం. నాకేమో ఎవరన్నా ఒక్కసారి వాణ్ణి పేరు పెట్టి పిలిస్తే వినాలని ఉండేది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాం?

ఈ ఏడు పిల్లలు బయల్దేరుతున్నారని తెలిసి, వాళ్ళ సారుకి ఫోన్ చేసి నేనూ వస్తానన్నా. ఆయన, "రండమ్మా. ఎవరి కంచం, గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలి" అన్నారు. నేను వాడి కంచమే సంచిలో పెట్టుకున్నా. వాడు పదో తరగతి పాసైనప్పుడు స్టీలు సామాన్ల కొట్లో కొని, అంచు మీద మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించాం. ఆ మిషను రొద పెడుతుంటే వాడు చెవులు మూసుకుని నవ్వాడు. నేను ఏడో తరగతితో ఆపేసిన దాన్ని. వాడి క్లాసు పిల్ల హారిక టైపు చేసి పెడతానంటే, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

పొద్దున ఆరున్నరకి నరసరావుపేట బస్టాండులో ఎక్కాం. ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ లేదు. మగపిల్లలు కొనుక్కున్నారు. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల దుమ్ము వస్తుంది, కిటికీ మూసుకోండి. అది దాటితే రోడ్డు పక్క కళ్ళాల నిండా ఎర్రగా మిరపకాయలే, ఘాటుకి దగ్గొస్తుంది. పిల్లలు పాట ఎత్తుకుని, నన్ను చూసి ఆపేశారు. హారిక నా పక్కన కూర్చుని, "టిఫిన్ తిన్నారా ఆంటీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. పాపం, దానికి వేరే మాట దొరకలేదు.

రెండు గంటల ప్రయాణం తర్వాత గురజాలలో దిగి ఆటోలు మాట్లాడుకున్నాం, మనిషికి ముప్పై. ఆటో అబ్బాయి నన్ను చూసి, "ఏందక్కా, నువ్వు గూడా కాలేజీయేనా?" అన్నాడు.

"అవునయ్యా, ఫెయిలయ్యి మళ్ళీ చేరా" అన్నా.

పిల్లలు నవ్వాలో వద్దో తెలీక నా మొహం చూశారు. నేనే ముందు నవ్వా.

ఆశ్రమంలో వంట చూసేది కోటేశ్వరమ్మ. అరవై దాటిన మనిషి, నోరు పెద్దది. ఏడాదికి సరిపడా కారం పట్టించాలని మిరపకాయలు రాశి పోయించింది. మా పని తొడిమలు తీయటం. "ఒరేయ్, తొడిమ తీస్తన్నావా, పెళ్ళికూతురికి బొట్టు పెడతన్నావా? రేపటికన్నా అయిద్దా?" అని మగపిల్లల్ని వాయించింది. వెళ్ళేవాళ్ళు చేతులకి ముందే కొబ్బరినూనె రాసుకోండి, మంట తగ్గుతుంది. మధ్యాహ్నం ముసలివాళ్ళకి వడ్డించి, ఆ తర్వాత మేం కూర్చున్నాం. గోంగూర పప్పు. వాడు చెప్పింది నిజమే, నా పప్పు కంటే బాగుంది. ఆ కంచంలో మెతుకు వదలబుద్ధి కాలేదు.

తిన్నాక కంచాలన్నీ పంపు దగ్గర కుప్ప పెట్టి ఆడపిల్లలు కడుగుతారు. కడిగింది కడిగినట్టు అంచు మీది పేరు చదివి పిలుస్తారు, ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. "సుబ్బాయమ్మ గారూ!" అని పిలిస్తే గడ్డమున్న పిల్లాడు లేచి వెళ్ళాడు. వాళ్ళ నాయనమ్మ కంచమంట. అందరూ ఒకటే నవ్వు. తర్వాతది హారిక చేతికొచ్చింది. అంచు చూసింది. ఇక పిలవదు, తుడిచిందే తుడుస్తోంది.

"ఏమే, చదవటం రాదా? పేరు పిలువు, వస్తారు" అంది కోటేశ్వరమ్మ.

హారిక కళ్ళ నిండా నీళ్ళు. నాకు అర్థమైంది. లేచి నిలబడ్డా. "పిలువమ్మా" అన్నా.

"ఆంటీ..."

"గట్టిగా పిలువు తల్లీ. నాకు వినాలనుంది."

"మణికంఠా!" అని పిలిచింది.

"ఆఁ, వస్తన్నా" అని నేను పలికి, వెళ్ళి కంచం తీసుకున్నా.

"మణికంఠంటే సాంబారు బకెట్టుతో పరిగెత్తి జారిపడినోడేగా? ఏడీ, ఈ ఏడు రాలా?" అంది కోటేశ్వరమ్మ.

"లేడమ్మా. వానాకాలంలో పోయాడు. నేను వాళ్ళ అమ్మని."

ఆవిడ తడి చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది. కాసేపటికి ఆ గడ్డం పిల్లాడు, "ఆ రోజు మణిగాడి చొక్కా అంతా సాంబారే ఆంటీ" అన్నాడు. ఇంకొకడు, "పడ్డా గూడా బకెట్టు వదల్లా" అన్నాడు. సాయంత్రం బస్సులో నరసరావుపేట దాకా వాడి కబుర్లే. ఇంట్లో నీళ్ళ గ్లాసు ఎత్తనివాడు అక్కడ బకెట్లు మోశాడంట. నాకు తెలియని కొడుకుని ఆ పిల్లలు దాచి ఉంచారు.

ఏడుపు రాలేదని కాదు, చానా వచ్చింది. కానీ వాడి పేరు వింటా ఏడవటం, వినకుండా ఏడవటం ఒకటి కాదని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి ఆ కంచంలోనే మా ఆయనకి అన్నం పెట్టా. అంచు మీద చుక్కలు వేలితో తడుముతా కూర్చున్నాడు. "మణిగాడిది" అన్నాడు. ఇన్ని నెలలకి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పేరు కొట్టించిన కంచమే తీసుకెళ్ళండి. పేరు లేనిదైతే పిలవటానికి వీలుండదు, ఆ పంపు దగ్గరే ఉండిపోతుంది.