మా మరిది, ఒక లారీ తలుపు

"వేలాడదీయడానికి వీల్లేనిదాన్ని బొమ్మ అనరయ్యా!" అన్నారు డ్రాయింగు మాస్టారు.

"మీరూ వేలాడరు గదా మాస్టారూ. మిమ్మల్ని మనిషి కాదంటామా?" అన్నాడు మా మరిది.

హాల్లో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. నిచ్చెనెక్కి మేకులు కొడుతున్న ఒకాయన అక్కడే నవ్వు బిగబట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో బొమ్మలు వేసేవాళ్ళంతా కలిసి ఏటా పెట్టుకునే ప్రదర్శన అది. గ్రంథాలయం మేడ మీద పొడుగాటి గది, ఒక పక్కంతా కిటికీలు, మిగతా గోడల నిండా మేకులు. మనిషికి ఇన్ని మేకులని మాస్టారు ముందే పంచిపెట్టారు. మా మరిది పాత దుప్పటిలో చుట్టి మోసుకొచ్చినదాన్ని మాత్రం ఏ మేకూ మోయలేదు. అది కారు బానెట్టు.

"ఇనపముక్కయ్యా ఇది. ఇవాళ దీన్ని రానిస్తే రేపు ఇంకొకడు ఇంజను పట్టుకొస్తాడు."

"తేనివ్వండి. బాగుంటే అదీ పెడదాం."

"నియమమంటూ ఒకటి ఏడిచింది! ఒక్కొక్కరికీ గోడ మీద ఇంత చోటని."

"గోడ నాకొద్దు. మీ నియమంలో నేల గురించి ఏమన్నా రాసుందా?"

రాసి లేదు. మాస్టారు తడుముకుంటూ ఉంటే, ముసలివాళ్ళ చేతులు మాత్రమే పెన్సిలుతో గీసే ఒక నర్సమ్మ, "నా బొమ్మల కింద నేలంతా ఖాళీయేనండీ, అక్కడ ఆనించుకోండి" అంది. "ముందు ఆ దుప్పటి తియ్యి" అని మాస్టారు విసుక్కున్నారు. తీశాడు. ఆయన చూశారు. వంగి చూశారు, వెనక్కి నడిచి చూశారు. చివరికి, "కాస్త ఎడమకు జరుపు. వెలుతురు పడుతుంది" అన్నారు. మా మరిది గెలిచాడని ఇంకెవరూ చాటింపు వేయనక్కర్లేకపోయింది.

ఆ బానెట్టును నేను షెడ్డులో చూడకపోలేదు. దాని మీద తడిగుడ్డ ఆరేయబోయి తిట్లు కూడా తిన్నాను. కానీ ఆ కిటికీ పక్కన పెట్టేసరికి వాన వెలిసిన రోడ్డు ఒకటి ఆ ఇనుములోంచి పైకి తేలి వచ్చింది. నీళ్ళలో సాగిన దీపాల ఎరుపు, పసుపు, వాటి కింద ఎక్కడో లోతుగా నలుపు. కాళ్ళు తడుస్తాయేమోనని ఒకడుగు వెనక్కి వేశాను. వేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాను.

మా మరిది కార్లకూ లారీలకూ రంగులు వేసేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి చొక్కా గుండీలు సరిగా పెట్టుకోవడం రాని పిల్లవాడు. అన్నం పెట్టిందీ నేనే, చెవి మెలిపెట్టిందీ నేనే. అందుకని వాడికి తల నెరిసినా నా నోటికి వాడు వాడే. చదివేవాళ్ళు ఏమన్నా అనుకోండి.

వాడి షెడ్డు అంటే రేకుల కప్పు, మూలన గురకపెట్టే కంప్రెసరు, గుమ్మం దాటకముందే ముక్కు పట్టుకునే థిన్నరు వాసన. బండికి సొట్ట తీసిన చోట పుట్టీ పూస్తారు. అది ఎండాక నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దుతారు. దాని మీద బూడిదరంగు ప్రైమరు, దాని మీద అసలు రంగు. చూసేవాళ్ళు రంగు కొట్టడమే పని అనుకుంటారు. పనంతా రుద్దడంలో ఉంది. రుద్దడం, అరచేత్తో తడమడం, మళ్ళీ రుద్దడం. కన్ను ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోకపోతే బండి గుమ్మం దాటదు.

బొమ్మలూ అలాగే చేసేవాడు. కుంచె ముట్టేవాడు కాదు. రేకు మీద పొర మీద పొరగా రకరకాల రంగులు కొట్టి, ఆరనిచ్చి, తరవాత రుద్దడం మొదలుపెట్టేవాడు. ఒకచోట గట్టిగా, ఒకచోట పసిపిల్ల వీపు నిమిరినట్టు. రుద్దేకొద్దీ అడుగు రంగులు లేచి వచ్చేవి.

"లోకమంతా బొమ్మ వేస్తుంటే నువ్వు చెరుపుతావేమిట్రా? ఎవడు నేర్పాడు నీకీ విద్య?" అని అడిగాను.

"అన్న."

నాకు నవ్వాగలేదు. వాళ్ళన్న, అంటే మా ఆయన, సున్నా చుట్టమంటే కోడిగుడ్డు గీసే మనిషి. "అన్న కాదు, అన్న మోచెయ్యి" అన్నాడు వాడు. అప్పుడు నవ్వు ఆగింది.

మా ఆయన లారీ తోలేవారు. బతుకంతా ఒకటే లారీ. తలుపు కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించి తోలడం అలవాటు. ఆనీ ఆనీ అక్కడ రంగు అరిగింది. పైన నీలం, అది అరిగిన చోట ఆకుపచ్చ, దాని లోపల ఇటుకరంగు, నట్టనడుమ తళతళలాడే ఇనుము. కోసిన ఉల్లిపాయలా ఉండేది. యజమాని రంగు మార్పించినప్పుడల్లా ఒక పొర చేరేది, ఈయన మోచెయ్యి దాన్ని మళ్ళీ తినేసేది. చిన్నప్పుడు మా మరిది ఫుట్‌బోర్డు ఎక్కి ఆ మచ్చనే చూస్తూ నిలబడేవాడట. వాడి బొమ్మలన్నీ అందులోంచి పుట్టాయి. ఇన్నేళ్ళు ఆ లారీ దగ్గరికి అన్నం క్యారియరు మోసిన నాకు ఆ సంగతి తెలియదు.

బానెట్టు తరవాత ఏటా ప్రదర్శనకు ఏదో ఒకటి పట్టుకెళ్ళేవాడు. ఒక ఏడు మడ్‌గార్డు, ఒక ఏడు డిక్కీ మూత. నేనూ వెళ్ళేదాన్ని. ప్రదర్శనంటే బొమ్మ పెట్టేసి ఇంటికి పోవడమనుకున్నాను గానీ, కాదు. తన బొమ్మ పక్కనే దొంగలా నిలబడాలి. చూసేవాళ్ళ ముఖం చూడాలి, చూస్తున్నట్టు వాళ్ళకు తెలియకూడదు. సముద్రాలు తప్ప ఇంకేమీ వేయని బ్యాంకు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. తన బొమ్మ ముందు ఎవరైనా ఆగితే ఊపిరి బిగబట్టి, వాళ్ళు కదిలాక వదిలేవాడు. సాధారణంగా వాళ్ళు అడిగేది "మంచినీళ్ళెక్కడండీ?" అనే.

మా మరిది మడ్‌గార్డు ముందు ఒక పెద్దమనిషి చాలాసేపు నిలబడ్డాడు. వీడి మొహం వెలిగిపోయింది. "ఇది ఏ మోడల్ బండిదయ్యా?" అని అడిగాడాయన. ఆ పూటంతా నేను నవ్వుతూనే ఉన్నాను. వాడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

మా ఆయన పోయాక లారీ తుక్కుకు వెళ్ళింది. తలుపు మాత్రం మా మరిది అడిగి తెచ్చుకున్నాడు. ఎన్నాళ్ళో ముట్టుకోలేదు. ఒక ఏడు ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. మచ్చ జోలికి పోకుండా, దాని చుట్టూ, కింద రేకంతా పొరలు కొట్టి రుద్దాడు. "ఈసారి అన్నదీ నాదీ కలిపి పెడతా" అన్నాడు.

"ఆయనదెంత, నీదెంత?"

"నడుమది అన్నది. మిగతాదంతా నేను చూసి రాసుకున్నది."

ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. అరచేత్తో తడమడం మానేసి రేకుకు చెంప ఆనించేవాడు. "తలుపుతో ఆ సరసమేమిట్రా, మీ ఆవిడ చూస్తే ఊరుకుంటుందా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ప్రదర్శన రేపనగా ఆ ఘోరం జరిగింది. షెడ్డులో పుట్టీ బాబాయ్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. పుట్టీ పూసి పూసి అసలు పేరు పోగొట్టుకున్న మనిషి. చూపు కాస్త మందం, మనసు వెన్న. మా మరిది రంగుల కొట్టుకు వెళ్ళిన కాసేపట్లో ఆయన కన్ను తలుపు మీద పడింది. అంచు అరిగిపోయి ఉంది, రేకంతా గీతలు పడి ఉంది. రేపు నలుగురిలో పెట్టబోయే వస్తువు గదా! అయ్యో పాపం అనుకుని, అరిగిన చోట శుభ్రంగా పుట్టీ నింపి, చదునుచేసి, మొత్తం తలుపుకు ప్రైమరు కొట్టేశాడు. అరుగు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేని చెయ్యి అది. ఆ తప్పు చెయ్యాలంటే ఆ షెడ్డులోనే ముసలివాడై ఉండాలి.

నేను క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి మా మరిది తలుపు ముందు నిలబడి ఉన్నాడు. అది నిలువెల్లా బూడిదరంగు.

"చూశావా అబ్బాయ్, అద్దంలా చేశా. నువ్వు రంగు కొట్టుకోవడమే తరువాయి. నలుగురిలో నవ్వులపాలవుతావని నేనే చేసేశా" అంటున్నాడు పుట్టీ బాబాయ్.

నా నోటికి వచ్చిన మాటలు రాస్తే ఈ కాగితం చిరుగుతుంది. అవి బయటపడేలోపే మా మరిది నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకు నా గాజు వంగింది. ఆయనతో మాత్రం, "బాగా చేశావు బాబాయ్. చాలా నున్నగా వచ్చింది" అన్నాడు. నా జన్మలో నేను చూసిన పెద్ద పనుల్లో అదొకటి. నేనైతే చెయ్యలేను.

మర్నాడు పొద్దున్నే తలుపును అలాగే గ్రంథాలయానికి పట్టించుకెళ్ళి, పెరట్లో కుళాయి దగ్గర బల్లల మీద పడుకోబెట్టాడు. షెడ్డులో చెయ్యొచ్చు గదా అంటే, "బాబాయ్ చూశాడంటే తానేం చేశాడో తెలిసిపోతుంది వదినా. ఆ ప్రాణం తట్టుకోదు" అన్నాడు. పైనుంచి మాస్టారూ, నర్సమ్మా, గుమాస్తా దిగివచ్చి చుట్టూ చేరారు.

"నాది పోతే పోయింది, మళ్ళీ చేసుకుంటా. అన్నది మళ్ళీ ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు. ఆయన ఫోటో అయితే ఇంట్లో ఉంది. ఫోటో ఎవడో తీసింది. ఆ మచ్చ ఆయన స్వయంగా చేసుకున్నది.

నీళ్ళు పోసి అంచు మీద రుద్దడం మొదలుపెట్టాడు. బూడిద కరిగి మజ్జిగలా కారింది. కాసేపటికి ఆపి, చెంప ఆనించబోయాడు. అంచు సన్నం, పైగా వంపు. చెంప పట్టలేదు. అరచెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. తల వంచుకుని నిలబడిపోయాడు.

"వదినా, నా చేతులకు తెలియడం లేదు."

"ఏం తెలియడం లేదు?"

"ఏదీ. థిన్నరుతో కడిగీ కడిగీ మొద్దుబారిపోయాయి. బండ్లన్నీ చెంపతోనే చూసి పంపుతున్నా. ఎవరికీ చెప్పకు."

"ఇంతమంది వింటుంటే ఇక చెప్పడానికెవరున్నార్రా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"పుట్టీ గరుగ్గా ఉంటుంది, పాత రంగు గాజులా జారుతుంది. కంటికి నీలం కనిపించేసరికి సగం నీలం పోయుంటుంది. చేతికే ముందు తెలుస్తుంది. నేను రుద్దుతా, నువ్వు తడుము. జారిందనిపించగానే చెప్పు."

"నాకేం తెలుసురా ఈ పని?"

"క్యారియరు అందించడానికి ఫుట్‌బోర్డు ఎక్కి దేన్ని పట్టుకునేదానివి?"

ఆ అంచునే పట్టుకునేదాన్ని. ఆయన మోచెయ్యి తీసేవారు, ఆ వెచ్చటి చోట నా చెయ్యి పడేది.

వాడు రుద్దుతున్నాడు, నీళ్ళు పోస్తున్నాడు, నేను తడుముతున్నాను. గరుకు. మళ్ళీ గరుకు. అలాగే గరుకు. చూపుడువేలి కొస కింద ఏదో సబ్బుబిళ్ళలా జారింది. "ఆపు!" అని నేను అరిచిన అరుపుకు కిటికీల మీద పావురాలు లేచిపోయాయి. నీళ్ళు పోస్తే నీలం. వెంట్రుకవాసి కూడా తెగలేదు. అక్కణ్ణుంచి లోపలికి. ఆకుపచ్చ. ఇటుకరంగు. చివరికి నా వేళ్ళు ఒక పల్లంలోకి దిగాయి. చల్లటి ఇనుము. ఒక మనిషి బతుకంతా ఆనుకుంటే పడిన లోతు అది. గట్టిగా చూస్తే గోరు మందం ఉండదు. నేను చెయ్యి తియ్యలేకపోయాను. మా మరిది పేపరు పక్కన పెట్టి, ఎండ నెత్తికెక్కేదాకా తియ్యమనలేదు. నా వెనకాల గుమాస్తా ఎప్పుడో బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

మిగతా బూడిద వాడు ముట్టుకోలేదు. తలుపు పైకి ఎక్కినప్పుడు మేకుల ఊసు ఎవరూ ఎత్తలేదు. కిటికీ పక్కనున్న తన బొమ్మను మాస్టారే తీసి పక్కకు పెట్టుకున్నారు. మబ్బు పట్టిన ఆకాశంలాంటి తలుపు, అంచు మీద ఒక్కచోట తెరుచుకున్న ఆ రంగులు. నర్సమ్మ వచ్చి నిలబడి, తన చేతుల బొమ్మల వైపు ఒకసారి చూసుకుని, మళ్ళీ దీన్నే చూసింది.

మధ్యాహ్నం పుట్టీ బాబాయ్ కూడా వచ్చాడు. "అదేమిటి అబ్బాయ్, రంగు కొట్టకుండానే తెచ్చేశావు? టైము చాల్లేదా?" అన్నాడు.

"చాల్లేదు బాబాయ్" అన్నాడు మా మరిది.

సాయంత్రం ఎవరో లారీ డ్రైవరు, గ్రంథాలయానికి పుస్తకాల పెట్టెలు దింపడానికి వచ్చినవాడు, చెమట తుడుచుకుంటూ హాల్లోకి తొంగిచూశాడు. తలుపు దగ్గర ఆగాడు. అటూ ఇటూ చూసి, తన మోచెయ్యి ఆ పల్లంలో పెట్టాడు. సరిగ్గా పట్టింది. అలాగే ఉండిపోయాడు, ఎదుటి గోడలో రోడ్డేదో కనిపిస్తున్నట్టు. 'ముట్టుకోరాదు' అన్న అట్ట మాస్టారు రాసిందే. ఆయన అది చూసి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

జనం పలచబడ్డాక మా మరిది మెట్ల మీద కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"షెడ్డులో బండ్లున్నాయి వదినా. చెంప ఎన్నాళ్ళని సాయం చేస్తుంది? రేపట్నుంచి పొద్దున్నే నువ్వు షెడ్డుకు రా" అన్నాడు. "చెయ్యి తెచ్చుకో. నోరు ఇంట్లో పెట్టి రా."