పడవ వచ్చాకే బడి గంట

ఇవాళ తణుకులో మనవరాలిని దింపడానికి వెళ్ళేసరికి స్కూలు గేటు మూసేశారు. "టైమ్ దాటిపోయిందండి, రూలండి" అన్నాడు వాచ్‌మన్. నాకు నవ్వొచ్చింది.

నా ఈడువాళ్ళకు గుర్తుందా, గోదావరి దాటి బడికెళ్ళిన రోజులు? పడవలో చేపల బుట్టల పక్కన కూర్చునేవాళ్ళం. పుస్తకాలకూ అదే వాసన. ఎదురుగాలి వీస్తే ఆలస్యం. గేటు మూసేవారు, ఆ పూట పాఠం పోయేది. రూలు పెట్టిన హెడ్మాస్టారి ఇల్లు బడి పక్కనే! ఎన్ని పుస్తకాలు చదివినా ఆయన్ను క్షమించడం మాత్రం అప్పట్లో నాకు రాలేదు.

ఒకరోజు అమ్మ గేటు దగ్గరకొచ్చి, "రేపు మీరూ మా రేవు నుంచే రండి మాస్టారూ" అంది. ఆయన పంతంకొద్దీ ఆ సాయంత్రమే మా ఊరొచ్చి పడుకుని, తెల్లారి మాతో పడవెక్కారు. ఎదురుగాలి. గేటు మూసేసి ఉంది.

"తియ్యరా!"

"మీరే కదండీ, ఎవరొచ్చినా తియ్యొద్దన్నారు" అన్నాడు అటెండరు.

చేపల వాసన పట్టిన పంచెతో మాస్టారు మా పక్కనే ఎండలో నిలబడ్డారు. మర్నాటి నుంచి పడవ రేవుకు చేరాకే గంట కొట్టారు.

"ఎందుకు నవ్వుతున్నావు తాతా?" అంది మనవరాలు.

నేను వాచ్‌మన్ వైపు తిరిగాను. "మీ ప్రిన్సిపాల్ గారి ఇల్లు ఎక్కడ బాబూ?"